పన్నులో పెట్టిన సిమెంటు ఎందుకు ఊడుతుంది?

మా తరగతి అబ్బాయి ఒకడు పుచ్చిన ముందు పన్నుకు ఒక ఉచిత శిబిరంలో సిమెంటు పెట్టించుకున్నాడు. నెల తిరక్కుండానే జొన్నరొట్టె కొరుకుతుంటే అది ఊడివచ్చింది. "సార్, ఊరికే పెట్టింది కాబట్టి నాసిరకమా?" అని అడిగాడు. నాకు జవాబు తెలియక ఒక దంతవైద్యుణ్ణి అడిగాను. చాలాసార్లు లోపం సిమెంటుది కాదు, దాని కింద పూసే జిగురుది, ఆ జిగురు పూయడంలో తొందరది అన్నారాయన. శిబిరాలకు చేయూతనిచ్చే దాతలు ఈ సంగతి తెలుసుకోవడం మంచిదని రాస్తున్నాను.

కాంపోజిట్ అనే పంటిరంగు సిమెంటు తనంతట తాను పన్నుకు అంటుకోదు. పంటి పైపొర అయిన ఎనామిల్ మీద ఫాస్ఫారిక్ ఆమ్లం కాసేపు ఉంచితే రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని 1955లో అమెరికాలో మైఖేల్ బ్యూనోకోర్ చూపించారు. ఆమ్లం వల్ల కంటికి కనబడని గుంటలు పడతాయి, జిగురు వాటిలోకి దిగి గట్టిపడుతుంది. నున్నటి గోడకు పూత పూసేముందు మేస్త్రీ గాట్లు పెట్టడం లాంటిదే ఇది.

నేడు సాధారణంగా 37 శాతం ఆమ్లపు జెల్‌ను ఎనామిల్ మీద 15 నుంచి 30 సెకన్లు, లోపలి డెంటిన్ మీద 15 సెకన్లు మించకుండా ఉంచి కడుగుతారు. ఆరిన ఎనామిల్ సుద్దలా తెల్లగా కనబడాలి. డెంటిన్‌ను మాత్రం పూర్తిగా ఎండబెట్టకూడదు. ఎండితే అందులోని సన్నటి పోగులు అణిగిపోయి జిగురు లోపలికి దిగదు. తరువాత జిగురును చిన్న బ్రష్షుతో సుమారు 20 సెకన్లు రుద్ది, మెల్లగా గాలి ఊది, నీలికాంతితో గట్టిపరుస్తారు. మధ్యలో ఉమ్మి తగిలితే పట్టు చెడుతుంది, ఆ పని మళ్ళీ చెయ్యాల్సిందే.

ఆమ్లగుణం తనలోనే ఉన్న సెల్ఫ్ ఎచ్ జిగురు లోతైన పుచ్చులకు అనుకూలం. కానీ ఎనామిల్ అంచులకు విడిగా ఆమ్లం పెడితేనే పట్టు బాగుంటుంది. యూనివర్సల్ రకాన్ని రెండు విధాలా వాడవచ్చు. కరెంటు లేని చోట గ్లాస్ అయనోమర్ మేలు. అది నేరుగా పంటిలోని కాల్షియంతో కలిసి అతుక్కుంటుంది. నమిలే ఒత్తిడికి మాత్రం కాంపోజిట్ అంత ఓర్చుకోదు.

మన ప్రాంతానికి మరో చిక్కుంది. పల్నాడులో కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. మనదేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బును వైద్యులు 1937లో మొదట నమోదు చేసింది కూడా దూరాన కాదు, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల మచ్చల పళ్ళ పైపొర ఆమ్లానికి తేలిగ్గా లొంగదు. దాన్ని కాస్త అరగదీయడమో, ఆమ్లం ఇంకొంతసేపు ఉంచడమో చెయ్యాలి. అందరి పళ్ళకూ ఒకే లెక్క కుదరదు.

అందుకే దాతలారా, ఎంతమందికి చేశారని మాత్రమే అడగకండి. ఒక్కో పన్నుకు ఎంత సమయం ఇస్తున్నారు? ఉమ్మి పీల్చే యంత్రం ఉందా? జిగురు సీసా గడువు దాటలేదు కదా? మన ఎండల్లో దాన్ని చల్లగా భద్రపరిచారా? ఆరు నెలలకు పిల్లల్ని మళ్ళీ చూస్తారా? ఇవీ అడగండి. వందమందికి హడావుడిగా పెట్టడం కన్నా ముప్పైమందికి నిలిచేలా పెట్టడమే మేలు.

మా అబ్బాయికి ఆ డాక్టరుగారు నిదానంగా మళ్ళీ పెట్టారు. ఇప్పుడు వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా పాఠం చదువుతున్నాడు.