తిరుగుతానే ఉన్న చక్రం: పర్చూరు నుంచి కొన్ని విశేషాలు

‘పర్చూరు’ అనే మాట కంటికి మూడక్షరాలే. డేటాబేసు లెక్కలో మాత్రం ఏడు: ప, ర, పొల్లు, చ, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. యూనికోడ్‌ని యూటీఎఫ్8 పద్ధతిలో దాచేటప్పుడు తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి కాబట్టి మొత్తం 21 బైట్లు. అదే పేరు ఇంగ్లీషులో రాస్తే 7 బైట్లతో సరి.

వెబ్‌సైటు సాఫ్ట్‌వేరు కొత్త వెర్షనుకి మార్చిన మర్నాడు ‘టైమౌట్’ అని కనబడటానికీ, ఈ 21కీ ఒక్కోసారి సంబంధం ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు 5.7 వరకూ ఏమీ చెప్పకపోతే లాటిన్-1 అనే పడమటి అక్షర పద్ధతినే వాడేది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన 8.0 నుంచి అది యూటీఎఫ్8ఎంబీ4 అయింది. దాంతో పాత పట్టిక ఒక పద్ధతిలో, అప్‌గ్రేడ్ తర్వాత పుట్టిన పట్టిక ఇంకో పద్ధతిలో ఉండిపోవచ్చు. రెంటినీ కలిపి చదవమన్నప్పుడు సర్వరు ఒక్కొక్క వరుసనీ మార్చి పోల్చుకుంటుంది, తొందరగా వెతకడానికి పెట్టిన ఇండెక్సు ఉండి కూడా పక్కన పడిపోవచ్చు. లాట్ నంబర్లు చెరిగిపోయిన మిర్చి టిక్కీల్లో మన సరుకేదో తెలియాలంటే ప్రతి బస్తా మూతీ విప్పి చూడాలి కదా, అచ్చం అదే పని.

తెలుగు చెడిపోయి కనబడితే ఆ చెడులోనూ ఒక ఆనవాలుంటుంది. తెలుగు హల్లు దేన్నయినా లాటిన్-1గా చదివితే మధ్యలో డిగ్రీ గుర్తు పడుతుంది. పొల్లు చోట ప్లస్-మైనస్ గుర్తు వస్తుంది. పేజీ నిండా ఎండ ఎన్ని డిగ్రీలో రాసినట్టు చిన్న సున్నాలు కనబడితే అక్షరాలు పోలేదని అర్థం. లోపల భద్రంగానే ఉన్నాయి, చదివే తీరు తప్పింది. తొందరపడి ‘సరిచేసి’ సేవ్ కొట్టినప్పుడే అసలు నష్టం.

ఇక అంకెల సంగతి. టైమౌట్ అనగానే సైటు ప్రోగ్రాముల్ని నడిపే పీహెచ్‌పీలో ఉన్న 30 సెకన్ల పరిమితిని 300 చెయ్యడం అందరికీ తోచే మొదటి పని. లినక్స్ సర్వరు మీద ఆ గడియారం డేటాబేసు కోసం ఎదురుచూసే సమయాన్ని లెక్కలోకే తీసుకోదు! ప్రోగ్రాము తాను పనిచేసిన సెకన్లనే కొలుస్తుంది. విండోస్‌లో అయితే అంతా కలిపి కొలుస్తుంది. కాబట్టి మన సైట్లలో ఎక్కువగా అడ్డుపడేది ముందు గుమ్మంలో కూర్చున్న వెబ్ సర్వరు ఎన్‌జిన్‌ఎక్స్. మామూలుగా అది 60 సెకన్లు చూసి, 504 అని చీటీ ఇచ్చి పంపేస్తుంది. మరో అంకె, మైఎస్‌క్యూఎల్ వెయిట్ టైమౌట్, 28,800 సెకన్లు: సరిగ్గా ఎనిమిది గంటలు. పని లేకుండా ఊరికే తెరిచి ఉంచిన కనెక్షనుని అంతసేపు సహిస్తుంది. నెమ్మదిగా నడిచే ప్రశ్నకి (క్వెరీకి) దీనితో పనే లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. 504 వచ్చినంత మాత్రాన లోపల పని ఆగదు. మనిషి వెళ్ళిపోయినా డేటాబేసు సాధారణంగా ఆ వెతుకులాట కొనసాగిస్తూనే ఉంటుంది. మనం ఊరుకోం, రిఫ్రెష్ నొక్కుతాం. అదే వెతుకులాట రెండోది మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే మూడోది. మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా ఉండే కనెక్షన్లు 151. అవి నిండాక కొత్తవాళ్ళకి చోటుండదు. కానీ 152వది ఒకటి దాచి ఉంచుతారు, నిర్వాహకుడు లోపలికొచ్చి చక్కదిద్దుకోవడానికి. ఈ చిన్న ఏర్పాటు చేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించిన రాత్రులు నాకున్నాయి.

అలాంటి రాత్రి ఒకటి చెప్తాను. మా వైపు ఒక కోల్డ్ స్టోరేజీకి చిన్న వెబ్‌సైటు ఉంది. రైతు ఫోన్ నంబరు కొడితే ఎన్ని టిక్కీల మిర్చి, ఎన్ని బస్తాల శనగలు లోపలున్నాయో చూపిస్తుంది. సాఫ్ట్‌వేరు మార్చిన సాయంత్రం అక్కడి గుమాస్తా కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, తిరుగుతానే ఉంది, రావట్లేదు. రైతులొచ్చి కూర్చున్నారు.” నేను ముందు చూసింది ప్రాసెస్ లిస్టు. ఒకే ప్రశ్న వరసగా నిలబడి ఉంది, ఒక్కోదాని పక్కన సెకన్లు పెరుగుతూ. దాని ముందు ‘ఎక్స్‌ప్లెయిన్’ అని చేర్చి అడిగాను. ఇండెక్సు పేరు ఉండాల్సిన గడిలో ‘నల్’ అని ఉంది. చదవబోయే వరుసల గడిలో పట్టిక మొత్తం ఉంది. ఫోన్ నంబరు గడిని పాత సాఫ్ట్‌వేరు అక్షరాలుగా దాచింది, కొత్తది అంకెగా అడుగుతోంది. అక్షరాల గడిని అంకెతో పోలిస్తే మైఎస్‌క్యూఎల్ ఇండెక్సు వాడలేదు. తేడా రెండు కొటేషన్ గుర్తులంత! అవి చేర్చాక పేజీ కన్నుమూసి తెరిచేలోగా వచ్చింది. “వచ్చిందన్నా, వచ్చింది” అని వాడు అరుస్తుంటే వెనక ఎవరో పెద్దాయన “మాయి ఎన్నున్నయ్యో చదువు నాయనా” అంటున్నారు.

మీకు తెలుసా? నెమ్మది ప్రశ్నల్ని రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్ మైఎస్‌క్యూఎల్‌తోనే వస్తుంది, కానీ దాన్ని మనం తెరవాలి. తెరిచినా 10 సెకన్లు దాటినవే రాస్తుంది. అప్‌గ్రేడ్‌కి వారం ముందే దాన్ని ఒక సెకనుకి దించి తెరిచి పెట్టుకుంటే, తర్వాత వచ్చిన మార్పు పక్కపక్కన కనబడుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేసు వాడేవాళ్ళకి వేరే చిక్కు: 17వ వెర్షను దాకా పెద్ద అప్‌గ్రేడ్‌లో పట్టికల గణాంకాలు వెంటరావు. ‘అనలైజ్’ నడిపేదాకా సర్వరు కళ్ళకి గంతలు కట్టుకుని దారి వెతుకుతుంది.

2022 ఏప్రిల్ 4న పర్చూరు ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఆ రోజు రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. చిరునామాలున్న డేటాబేసుల్లో జిల్లా గడి మార్చాల్సి వచ్చింది. లక్షల వరుసల్ని ఒకే ఆదేశంతో మారిస్తే, అది పూర్తయ్యేదాకా వాటికి తాళం పడుతుంది. ఆ వరుసల్ని మార్చాలని వచ్చిన మరొకరు 50 సెకన్లు తలుపు దగ్గర నిలబడి 1205 అనే లోపంతో వెనక్కి పోతారు. వెయ్యేసి వరుసల చొప్పున మార్చుకుంటూ పోతే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మైఎస్‌క్యూఎల్‌లో ‘మై’ అంటే ‘నాది’ కాదు. దాన్ని పుట్టించినవారిలో ఒకరైన మైకేల్ విడేనియస్ పెద్దకూతురి పేరు. చిన్నకూతురు మరియా పేరు మీద వచ్చింది మరియాడీబీ. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియా ఇప్పుడు నడుస్తున్నది ఈ మరియా మీదే.

ఆ వికీపీడియా సాఫ్ట్‌వేరు మామూలుగా వారం వారం మారుతుంది. మంగళవారం పరీక్ష సైట్లకి, బుధవారం వికీసోర్స్, విక్షనరీ లాంటివాటికి, గురువారం వికీపీడియాలకి. మధ్యలో ఎక్కడ లోపం కనబడినా బండి అక్కడే ఆగుతుంది, అవసరమైతే వెనక్కీ పోతుంది. మన కోల్డ్ స్టోరేజీకి అన్ని సర్వర్లు లేవు, నిజమే. కానీ పాత డేటా నకలు మీద ఒకరోజు నడిపి చూడటానికి ఒక్క పాత కంప్యూటరు చాలు. గుంటూరు మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చే రోజులు దానికి అనువైనవి. వచ్చే ఏడు ఆ సైటుని ఫిబ్రవరిలో, కల్లాల్లో కాయ ఎండుతుండగా మాత్రం ముట్టుకోనని గుమాస్తా కుర్రాడికి మాటిచ్చాను.