దూది బేళ్లతోపాటు కరెంటు లెక్క

నూలు మిల్లులు దూదికి ధర, పింజ పొడవు, తేమ శాతం అడగడం మామూలే. ఇకపై జిన్నింగ్ మిల్లు కాల్చిన కరెంటు, డీజిలు లెక్క కూడా అడగవచ్చును. దీనికి మూలం సెబీ నిబంధన. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక 2022-23 నుంచి తప్పనిసరి అయినది. మొదటి 250 కంపెనీలు 2025-26 నుంచి తమ సరఫరాదారుల వివరాలనూ స్వచ్ఛందంగా ఇవ్వవచ్చును. మొత్తం కొనుగోళ్లలో 2 శాతం, ఆపైన సరుకు ఇచ్చేవారే ఇందులోకి వస్తారు. అంత వాటా గల జిన్నింగ్ మిల్లులు అరుదు. అయితే బట్టల కంపెనీ నూలు మిల్లును అడిగితే, అదే కాగితం కిందికి దిగుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. బిల్లులోని యూనిట్లను 0.7తో హెచ్చిస్తే కార్బన్ డయాక్సైడ్ సుమారు ఎన్ని కిలోలో తేలుతుంది. నెలకు 20,000 యూనిట్లు వాడే మిల్లుకు 14 టన్నులు. డీజిలుకైతే లీటరుకు 2.7 కిలోలు.

చిక్కంతా పెట్టుబడి దగ్గరే. కప్పుపై సోలార్ పలకలు కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు, ఏడాది పొడవునా ఇస్తాయి. జిన్నింగ్ సీజను అయిదారు నెలలే. బ్యాంకు వాయిదా మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. వేసవిలో మిల్లు మూతపడినప్పుడు మిగిలే కరెంటును విద్యుత్ పంపిణీ సంస్థ ఏ రేటుకు జమకట్టుతుందో తేల్చుకోకుండా అప్పుపత్రంపై సంతకం చేయడం తొందరపాటే. పలుమార్లు రీవైండింగ్ చేయించిన పాత మోటార్లను మార్చుకోవడానికి ఖర్చు తక్కువ, ఫలితం ఆ సీజను బిల్లులోనే కనిపిస్తుంది.