వార్తల్లో పదం: స్టోలెన్ వాలర్

యుద్ధంలో పాల్గొనకుండానే పాల్గొన్నట్లు, పొందని పతకాలను పొందినట్లు చెప్పుకోవడాన్ని, చేసిన సేవను మించి వీరగాథలు అల్లి ప్రచురించడాన్ని అమెరికాలో ‘స్టోలెన్ వాలర్’, అంటే అపహరించిన శౌర్యం, అంటారు. వియత్నాం యుద్ధంలో పనిచేసిన బి.జి. బర్కెట్ 1998లో సహరచయిత్రితో కలిసి ఇదే పేరుతో వెలువరించిన పుస్తకం ఈ పదానికి విస్తృత ప్రచారం తెచ్చింది.

ఒక మాజీ సైనికుడి రచనపై సందేహం కలిగినప్పుడు, తోటి సైనికులు సమాచార స్వేచ్ఛా చట్టం కింద సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రం నుంచి అతని హోదా, సేవాకాలం, నియామకాలు, పతకాల వివరాలు తెప్పించుకుని, వాటిని దళం నివేదికలతోనూ, అదే పోరులో ఉన్నవారి సాక్ష్యంతోనూ పోల్చిచూస్తారు. అయితే 1973 నాటి అగ్నిప్రమాదంలో అక్కడ కోటిన్నరకు పైగా పాత దస్త్రాలు నాశనమయ్యాయి కనుక, రికార్డు లేకపోవడమే అబద్ధానికి రుజువు కాదు. కాలక్రమంలో జ్ఞాపకం చెదరడమూ, తెలిసి కల్పించడమూ ఒకటి కావు.

పతకాల గురించి అబద్ధం చెప్పడాన్నే నేరంగా పరిగణించిన 2005 స్టోలెన్ వాలర్ చట్టం భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 2012లో కొట్టివేయగా, ధనం, ఆస్తి వంటి ప్రయోజనం కోసం అలా మోసగించడాన్ని 2013 చట్టం శిక్షార్హం చేసింది. యుద్ధ స్మృతులు చరిత్రకు ఆధారాలవుతాయి గనుక, ఈ పరిశీలన నిజంగా పోరాడినవారి గౌరవానికీ, పాఠకుల నమ్మకానికీ, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ప్రతిష్ఠకూ సమానంగా సంబంధించినది.