ఫిరంగి దొర... మూసారాం!

తణుకులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. దిల్‌సుఖ్‌నగర్ దాటగానే 'మూసారాంబాగ్... మూసారాంబాగ్' అన్న కేక వినిపిస్తుంది. ఎవరీ మూసారాం? మన దేశంవాడే కాదు. మిషెల్ రేమండ్ అనే ఫ్రెంచి సైనికాధికారి!

రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో వ్యాపారం కోసం పుదుచ్చేరి వచ్చి, తక్కెడ వదిలేసి కత్తి పట్టాడు. మొదట మైసూరు కొలువులోని ఫ్రెంచి దళంలో, తర్వాత సేనాని బుస్సీ దగ్గర పనిచేశాడు. అంతకు మూడు దశాబ్దాల ముందు మన గోదావరి సీమతో సహా ఉత్తర సర్కారుల్లో చక్రం తిప్పిన బుస్సీయే ఆయన. 1785లో బుస్సీ చనిపోయాక రేమండ్ నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు.

ఆ రోజుల్లో యుద్ధంలో గెలవాలంటే ఫిరంగులుండాలి. వాటిని పరాయివాళ్ల దగ్గర కొనే రాజు వాళ్ల చెప్పుచేతల్లో ఉండాల్సిందే. అందుకే రేమండ్ హైదరాబాద్‌లోనే ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. జనం దాన్ని 'తోప్ కా సాంచా' అన్నారు. నేటి గన్‌ఫౌండ్రీకి ఆ పేరు అలా వచ్చిందే.

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం. రేమండ్ దళాలు గట్టిగా పోరాడుతుండగానే నిజాం వెనక్కి మళ్లాడు. ఓటమి తప్పలేదు. రేమండ్ పరపతి మాత్రం తగ్గలేదు. అదే ఏడాది నిజాం కొడుకు అలీజా తిరగబడితే, అణచడానికి వెళ్లిందీ ఆయనే. ఆయన సైన్యం 14 వేలకు చేరింది. ఆంగ్లేయులకు కంట్లో నలుసైంది.

1798 మార్చి 25న రేమండ్ కన్నుమూశాడు. అప్పటికి 42 ఏళ్లే. సెప్టెంబరులో నిజాం ఆంగ్లేయులతో ఒప్పందం చేసుకుని, ఫ్రెంచి దళాల్ని రద్దు చేయడానికి ఒప్పుకున్నాడు. అక్టోబరులో జీతాల బకాయిల కోసం సిపాయిలు సొంత అధికారులపైనే తిరగబడ్డారు. అదను చూసి ఆంగ్లేయ సేన చుట్టుముట్టింది. అంత పెద్ద సైన్యమూ పోరాడకుండానే ఆయుధాలు దించేసింది!

జనం మాత్రం రేమండ్‌ని వదులుకోలేదు. ముస్లింలు 'మూసా రహీం' అన్నారు, హిందువులు 'మూసారాం' అన్నారు. మలక్‌పేట దగ్గరి ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఆయన సమాధి, పక్కనే 23 అడుగుల నల్లరాతి స్తంభం ఉన్నాయి. ఏటా వర్ధంతికి నిజాములు అక్కడికి చుట్టలు, బీరు సీసా పంపేవారని చెబుతారు. 2001 వానలకు సమాధి మండపం కూలితే మళ్లీ కట్టారు.

ఈసారి బస్సు మూసారాంబాగ్‌లో ఆగినప్పుడు పిల్లలు నిద్రపోతుంటే లేపి ఈ కథ చెప్పండి.