ఏలుట, కాచుట: సృష్టిపట్ల మానవుని బాధ్యత

1967లో అమెరికా చరిత్రకారుడు లిన్ వైట్ 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. పర్యావరణ సంక్షోభపు మూలాలు పాశ్చాత్య క్రైస్తవ్యంలో ఉన్నాయని, ప్రకృతి మానవుని వాడకం కొరకే ఉన్నదన్న భావనను అది బలపరచిందని వాదించాడు. ఈ ఆరోపణకు జవాబు చెప్పాలంటే ముందుగా లేఖనంలోని క్రియాపదాలను పరిశీలించాలి.

ఏలుట

ఆదికాండము 1:28లో 'ఏలుడి' అని అనువదించబడిన హెబ్రీ పదం 'రాదా'. ఇది బలమైన రాజరికపు పదం. దానిని మెత్తబరచనవసరం లేదు. అయితే ఎలాంటి ఏలుబడి దేవునికి అంగీకారమో లేఖనమే తేటపరుస్తుంది. మందను కఠినంగా ఏలిన కాపరులను దేవుడు యెహెజ్కేలు 34:4లో ఇదే పదంతో గద్దిస్తాడు. కీర్తన 72:8లోని రాజు ఏలుబడికీ ఇదే పదం; ఆ రాజు దరిద్రుల మొర వింటాడు (12-14 వచనాలు).

కాచుట

ఆదికాండము 2:15లో నరునికి అప్పగించబడిన పని రెండు క్రియలలో ఉంది. 'ఆబద్' అనగా సేద్యపరచుట, సేవించుట; 'షామర్' అనగా కాచుట. లేవీయుల మందిర సేవకు సంఖ్యాకాండము 3:7-8లో ఈ రెండు పదాలే వాడబడ్డాయి. సంఖ్యాకాండము 6:24లో దేవుడు తన ప్రజలను కాపాడుట 'షామర్'. ఆదికాండము 4:9లో కయీను నిరాకరించిన కావలి కూడా అదే. కనుక తోటను కాచుటను, తమ్ముని కాచుటను విడదీయలేము.

కొల్లేరు ప్రశ్న

ఈ సత్యానికి మన ప్రాంతంలో ఒక పరీక్ష కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న ఈ మంచినీటి సరస్సు వరదనీటిని ఇముడ్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపుతుంది. సరస్సు గర్భంలో వెలసిన చేపల చెరువుల గట్లు నీటి దారిని అడ్డగించాయి. 1999లో ఇది అభయారణ్యంగా ప్రకటించబడింది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం అనేక చెరువుల గట్లను తొలగించింది. నీటికి దారి చూపిన ఆ చర్యతోనే, చెరువులపై ఆధారపడిన పేద కుటుంబాల జీవనోపాధి ప్రశ్న కూడా లేచింది.

ఇక్కడ 'ఏలుడి' అన్న మాటను మాత్రమే బోధించే సంఘం పెట్టుబడిదారుని గట్టును అభివృద్ధిగా దీవిస్తుంది. తోటను గూర్చి మాత్రమే బోధించే సంఘం పక్షులను గుర్తించి జాలరిని మరచిపోతుంది. 'షామర్' ఈ రెండింటినీ అంగీకరించదు.

క్రొత్త చెరువు దగ్గర ప్రార్థనకు పిలువబడిన కాపరి ముందుగా రెండు ప్రశ్నలు అడగవచ్చు: వరద వస్తే ఈ నీరు ఎటు పోతుంది? ఎవరి ఇంటిలోనికి పోతుంది? ఆ ప్రశ్నలు అడగడం కూడా కాపరి పరిచర్యలో భాగమే.