కంప్యూటర్ పాత వైఫైని ఎలా గుర్తుపడుతుంది?

రైల్వే స్టేషన్‌లో ఒకసారి వాడిన వైఫైకి, మళ్లీ అక్కడికి వెళ్లగానే లాప్‌టాప్ మనల్ని అడక్కుండానే ఎలా కలిసిపోతుంది? చాలా లైనక్స్ కంప్యూటర్లలో 'నెట్‌వర్క్ మేనేజర్' అనే ప్రోగ్రాం ఉంటుంది. అమ్మ ఫోన్ నంబర్లు డైరీలో రాసుకున్నట్టు, మీరు కలిసిన ప్రతి వైఫైకీ అది ఒక చిన్న ఫైలు రాసుకుంటుంది. ఆ వైఫై పేరేమిటి, తాళం ఏ రకం, తనంతట తాను కలవాలా వద్దా అన్నీ అందులో ఉంటాయి. పక్కనే రెండు తెలిసిన వైఫైలుంటే, దేనికి ప్రాధాన్య సంఖ్య పెద్దదో దానికే కలుస్తుంది. మీరు మార్చనంతవరకు ఆ సంఖ్య అన్నింటికీ 0.

పాస్‌వర్డ్ లేని వైఫైలను మాత్రం అలా రాసుకున్న జాబితాలోంచి తీసేయాలంటాను. ఎందుకంటే వాటిని కంప్యూటర్ పోల్చుకునేది దాదాపు పేరుతోనే. అదే పేరు ఎవరైనా తమ ఫోన్ హాట్‌స్పాట్‌కి పెట్టుకుంటే, లాప్‌టాప్ దానికే కలిసిపోవచ్చు! మరి ఇంటి వైఫైకీ ఈ ప్రమాదం ఉంటుందిగా అంటారేమో. అక్కడ పాస్‌వర్డ్ తమకు తెలుసని రెండు వైపులా, దాన్ని బయటపెట్టకుండానే, ఒకరికొకరు రుజువు చేసుకుంటారు కాబట్టి ఉత్త పేరుతో మోసం సాగదు. పాస్‌వర్డ్ లేనివాటిని తీసేస్తే మళ్లీ కలవడం కష్టమా? పాస్‌వర్డే లేనప్పుడు మళ్లీ కలవడానికి ఒక్క క్లిక్ చాలు. సెట్టింగ్స్‌లో వైఫై జాబితా తెరిచి, ఆ పేరు దగ్గర 'ఫర్‌గెట్' నొక్కండి. లేదా తనంతట తాను కలిసే టిక్కు తీసేయండి.