రెండు భాషల బతుక్కి ఒక్క గడి

1967 అక్టోబర్ 13. సోలాపూర్ నీలం నగర్‌లో పిల్లల్ని పైచదువులకు పంపాలనుకునే తెలుగు పద్మశాలీ ఇళ్లలో ఈ తేదీ తరచూ వినిపిస్తుంది. మహారాష్ట్రలో పద్మశాలీలు ప్రత్యేక వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. ఆ తరగతులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. కుల దాఖలా చేతికి రావాలంటే ఆ తేదీ నాటికే తమ పెద్దలు ఈ రాష్ట్రంలో కాపురమున్నట్టు కాగితం చూపాలి. తాత బడి విడిచినప్పటి సర్టిఫికెట్ ఉంటే సరి. చిన్నప్పుడే మగ్గం పనికి కుదిరిన తాతకు బడి కాగితం ఎక్కడిది?

సోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు 1877లో వచ్చింది. నిజాం ఇలాకా పల్లెల నుంచి నేతగాళ్లు తరాలపాటు ఇటు తరలివస్తూనే ఉన్నారు. 1980 నుంచి 1991 దాకా నాలుగు లోక్‌సభ ఎన్నికల్లో ఈ ఊరు గంగాధర్ కూచన్‌ను రెండుసార్లు, ధర్మణ్ణ సాదుల్‌ను రెండుసార్లు గెలిపించింది. ఇద్దరూ పద్మశాలీలే. ఇంతగా ఊళ్లో కలిసిపోయినవాళ్ల మనవరాలు పదిహేడేళ్లకు తాను ఇక్కడిదాన్నేనని రుజువు చేసుకోవాలనడం నాకు మింగుడుపడదు. పోనీ తెలంగాణలో అడుగుదామా అంటే, అక్కడ పద్మశాలీలు బీసీ-బి. కానీ ఆ పిల్ల పుట్టిందీ చదివిందీ ఇక్కడ. పెళ్లికో పేరంటానికో కరీంనగర్ వైపు పోతే 'సోలాపూరోళ్లొచ్చిండ్రు' అంటారు. ఇక్కడేమో తెలుగోళ్లు.

జనగణన కాగితంలోనూ మాతృభాష గడిలో ఒక్క పేరే రాయాలి. మిగతావి 'తెలిసిన భాషలు', అవీ రెండే. 2001లో మహారాష్ట్రలో దాదాపు 14 లక్షల మంది తెలుగు అని రాయించారు. 2011కి వాళ్లు 13 లక్షల పైచిలుకే. ఆ పదేళ్లలో రాష్ట్ర జనాభా మాత్రం 9.69 కోట్ల నుంచి 11.24 కోట్లయింది. తగ్గినవాళ్లంతా రాష్ట్రం విడిచిపోయారని నేననుకోను. కొన్ని ఇళ్లలో ఆ గడిలో రాయించే పేరే మారి ఉంటుంది.

ఒక్క గడే ఉండాలన్న నియమమేమీ లేదు. అమెరికా 2000 జనగణనలో మొదటిసారి ఒకటికి మించి జాతులు చెప్పుకోనిచ్చింది. 68 లక్షల మంది చెప్పుకున్నారు. 2020కి ఆ సంఖ్య 3.38 కోట్లు, జనాభాలో 10.2 శాతం. అడిగే తీరు, జవాబులు నమోదు చేసే తీరు మారడమే ఈ పెరుగుదలకు ముఖ్య కారణం.

రెండు సంస్కృతుల మధ్య పెరిగితే మనసు చెదురుతుందని పెద్దలు భయపడతారు. న్గుయెన్, బెనెట్-మార్టినెజ్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో 83 అధ్యయనాలను, 23,197 మంది వివరాలను కలిపి చూశారు. రెండింటినీ పట్టుకున్నవాళ్లే మనసులోనూ, చదువుసంధ్యల్లోనూ మెరుగ్గా ఉన్నారు. ఆ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయని అనిపించినప్పుడే బెంగ, కుంగుబాటు ఎక్కువవుతాయని మరికొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడే పిల్లను చూసి బెంగపడక్కర్లేదు. ఏదో ఒకటే నీదని తేల్చమనే కాగితాన్ని చూసి బెంగపడాలి.

బెంగపడేవాళ్ల లెక్క తీసిన చోటా ఇదే కథ. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదనీ తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మహారాష్ట్ర లేదు, తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. అంటే నీలం నగర్ మనిషి ఏ వైపు నుంచీ ఆ లెక్కలోకి రాలేదు.

అయితే మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడేందుకు 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ సేవ ఉంది. దాని నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో తెలుగూ ఉంది, మరాఠీ ఉంది. బీడీలు చుట్టే తల్లి తెలుగులో, కాలేజీకి పోయే కూతురు మరాఠీలో, ఒకే నంబరుకు ఫోన్ చేసి మాట్లాడొచ్చు.